ఇటలీ కారులో నాన్న కుట్టు

ఆగస్టు 17, 1988

ప్రార్థన కూటంలో ఒక్కొక్కరూ తమ అవసరం చెప్పుకున్నారు. గ్రీన్ కార్డు, ఉద్యోగం, మోకాలి నొప్పి. నా వంతు వచ్చింది. "ఏమీ లేదండీ, అందరి కోసం ప్రార్థించండి" అన్నాను. ఇంటికి రాగానే ఈ నోటుబుక్కు తీశాను. పైకి చెప్పలేనిది ఎక్కడో ఒకచోట పెట్టాలి. యాభై ఏళ్ళు వచ్చాయి, ఉత్తరాలు తప్ప ఏమీ రాయలేదు.

చెప్పలేనిది ఇదే — నేను తోలు కుడతాను. రోకో అనే ముసలాయన షాపులో, ఇటలీ స్పోర్ట్స్ కార్ల సీట్లకి. ఐదేళ్ళుగా. మా ఆయన సంఘంలో చెప్పింది మాత్రం "ఆఫీసులో పని."

ఆగస్టు 19

రోకో కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆ కార్ల కంపెనీ పెట్టిన పెద్దాయన ఇటలీలో పోయాడట, తొంభై ఏళ్ళు. పేపరు ముక్క గోడకి అంటించాడు. "రేసుల కోసమే బతికాడు మరియా. మన షాపుకొచ్చే ఈ రోడ్డు కార్లు చేసి అమ్మింది కూడా రేసుల ఖర్చుకే."

నేను మరియమ్మని. ఈ ముసలాయనకి మరియాని.

ఆగస్టు 29

పెద్దాయన పోయాక పని ఎక్కువైంది. గరాజుల్లో దుప్పటి కప్పి దాచినవన్నీ బయటికొస్తున్నాయి, ధర పెరిగిందట. పొడుగు ముక్కు, పన్నెండు సిలిండర్లది ఒకటి. పక్కల మీద దువ్వెన పళ్ళలా గీతలున్న కొత్త వెడల్పు బండి ఒకటి. ఇంజన్ల సంగతి నాకు తెలియదు. సీటు చూస్తే ఏ మోడలో చెప్పగలను. డ్రైవింగ్ రాదు. పొద్దున మా ఆయన దించుతారు, సాయంత్రం ఎక్కించుకుంటారు.

సెప్టెంబరు 2

పసుపు రంగు చిన్న కారు వచ్చింది. 1972 మోడల్. ముక్కు మీద కంపెనీ గుర్రం బొమ్మ లేదు.

"వాళ్ళదే" అన్నాడు రోకో. "పెద్దాయన కొడుకు ఇరవై నాలుగేళ్ళకే పోయాడు. ఆ బిడ్డ పేరే కారుకి పెట్టాడు. ముక్కు మీది ఆ రాత అబ్బాయి సంతకంలా ఉంటుంది."

వేలితో తడిమి చూశాను. సంతకం చల్లగా ఉంది.

స్టీరింగ్ మీది తోలు చీకిపోయింది. అది నా పని. చీటీ మీద యజమాని పేరు చూశాను — డాక్టర్ జయరావు గారు. మా సంఘమే. ఆదివారం మా వెనక వరసలో కూర్చుంటారు.

సెప్టెంబరు 3

మా ఆయనకి చెప్పాను. అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది. "నిన్ను చూశాడా?" లేదన్నాను. "చూడకూడదు."

వచ్చే నెల సంఘ పెద్దల్లో ఈయన పేరు పెడుతున్నారు. మాది తెనాలి అనీ, మా నాన్న బడి పంతులు అనీ పన్నెండేళ్ళ కిందట ఈ దేశం వచ్చిన కొత్తలో ఎవరికో చెప్పారు. అక్కణ్ణించి అదే.

"మనవాళ్ళు ముందు పేరడుగుతారు. తర్వాత ఊరు. తర్వాత ఊళ్ళో ఎటువైపు అని అడుగుతారు." అని లేచి చెయ్యి కడుక్కున్నారు.

సెప్టెంబరు 8

స్టీరింగ్ అయింది. మిషను పట్టదు, చేత్తోనే కుట్టాలి. ఆరెతో బొక్క పొడవడం, ఒకే దారం రెండు కొసలకీ రెండు సూదులు, ఎదురెదురుగా లాగడం. చివర మూడు బొక్కలు వెనక్కి వచ్చి ముడి లోపల దాచడం. రోకో ఇలా కుట్టడు. నాన్న కుట్టేవాడు, మోట బావి తోలు తిత్తులకి, నీళ్ళు కారకుండా. తొమ్మిదేళ్ళదాన్ని, దారానికి మైనం రాసి అందించేదాన్ని.

ఈసారి మార్చి కుడదామనుకున్నాను. చెయ్యి వినలేదు.

సెప్టెంబరు 10

డాక్టరు గారు చూడ్డానికి వచ్చారు. నేను వెనక గదిలో, తోలు చుట్టల మధ్య. కారు తలుపు తెరిచిన చప్పుడు. తర్వాత ఆయన గొంతు — "హూ డిడ్ దిస్?"

"మై మరియా" అన్నాడు రోకో, గర్వంగా.

సీట్ల పని ఇంకా ఉంది. వచ్చే శనివారం కారు తీసుకెళ్తారట.

సెప్టెంబరు 11, ఆదివారం

ఆరాధన తర్వాత భోజనాలు. డాక్టరు గారు పళ్ళెం పట్టుకుని మా బల్ల దగ్గరికే వచ్చారు.

"మా పొలంలో మోట తిత్తి యేసోబుగాడు కుట్టేవాడండీ. వాడు కుడితే చుక్క కారేది కాదు. అదే కుట్టు నిన్న నా స్టీరింగ్ మీద చూశా. మూడు బొక్కలు వెనక్కి! ఒళ్ళు జలదరించిందనుకోండి. ఎవరో ఇటలీ ఆవిడట, మరియా."

"అయితే ఇటలీలో కూడా వాళ్ళున్నారన్నమాట డాక్టరు గారూ!" అన్నారొకరు. బల్లంతా నవ్వింది. మా ఆయనా నవ్వారు. డాక్టరు గారు నవ్వారో లేదో చూడలేదు.

యేసోబు మా నాన్న. ముప్పై అయిదేళ్ళ తర్వాత ఆ పేరు ఒకరి నోట విన్నాను. వెనక 'గాడు'తో. అయినా విన్నాను. నేను మిషన్ హాస్టల్లో ఉండగా పోయాడు. ఎలా పోయాడో నాకెవరూ సరిగ్గా చెప్పలేదు, దొరగారి పొలంలోనే అన్నారు. ఆ పొలం వీళ్ళదన్నమాట.

ఇంకా చెప్పండి అని గొంతు దాకా వచ్చింది.

"శనివారం ఆవిణ్ణి చూడాలి" అంటూ వెళ్ళిపోయారు. నాన్నని ఎరుగనిదానిలా పెరుగన్నం తిన్నాను.

సెప్టెంబరు 14

మోకాళ్ళ మీద ఉన్నాను. దేవుణ్ణి ఏమని అడగాలో తెలియలేదు.

సెప్టెంబరు 16

"రేపు వెళ్ళొద్దు. ఒంట్లో బాలేదని కాల్ చేయి."

"అబద్ధం కదండీ."

"పన్నెండేళ్ళుగా చెప్తున్నదేంటి మరి?" అని తనే అని, తనే తల దించుకున్నారు. అరిచి ఉంటే బాగుండేది. "బావి దగ్గర మా అమ్మని ఎంత దూరంలో నిలబెట్టేవాళ్ళో నువ్వు చూళ్ళేదు" అన్నారు.

చూశాను. మా అమ్మనీ అంతే దూరంలో.

డాక్టరు గారిని ఒక్క మాట అడిగితే చాలు... నాన్న చివరికి ఎలా పోయాడని. అడిగితే ఈయన తల ఎత్తుకోలేరు.

సెప్టెంబరు 17, శనివారం

కాల్ చేయలేదు. ఈయన కారేసుకుని పొద్దున్నే సంఘం పని మీద వెళ్ళారు. నేను చెప్పులు తొడుక్కుని రోడ్డు దాకా వెళ్ళాను. షాపుకి ఆరు మైళ్ళు. పక్కన నడవడానికి దారి లేదు, ఒకదాని వెనక ఒకటి కార్లు. తిరిగి వచ్చేశాను.

పదకొండింటికి ఫోన్. రోకో. "ఎక్కడున్నావు మరియా? డాక్టరు ఇక్కడే ఉన్నాడు. ఎవరో పాత మనిషి గురించి నీతో మాట్లాడాలట. పన్నెండు దాకా ఉంటాడట. వచ్చి తీసుకెళ్ళనా?" ఫోను తీగ వేలికి చుట్టుకున్నాను. "సరే, ఆలోచించుకో, మళ్ళీ చేస్తా."

పదకొండు ఇరవై.

ఈ పుస్తకం ఎవరి చేతికైనా వస్తే చింపొద్దు, దాచండి. ఎవరికీ చూపించొద్దు. నాన్న పేరు ఈ దేశంలో ఇందులో తప్ప ఇంకెక్కడా రాసి లేదు.

మళ్ళీ మోగుతోంది.