డంగు సున్నం కలిపే తీరు

మల్లన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మడికొండలో మనం మట్టి ఇటుకలతో మొదలుపెట్టిన ఇళ్లలో ఒకదానికి పోయిన నెల పైకప్పు వేశాం.

నీ తర్వాత కప్పు మీద వేసే డంగు సున్నం కలిపే తీరు ఎవరికీ తెలియలేదు. ఇంజనీరునని పేరే గాని నాకూ తెలియదు. మేస్త్రీలు మూడుసార్లు కలిపి వేశారు, మూడుసార్లూ బీటలువారింది. ఇక లాభం లేదని సిమెంటు పర్మిట్‌కు దరఖాస్తు రాస్తుంటే, నీకు సున్నం దంచి ఇచ్చే ముసలమ్మ వచ్చి నిలబడింది.

"బెల్లం నీళ్లు ఎక్కువైతానయ్ సారూ. కరక్కాయ నానబెడ్తలేరు," అంది.

"మల్లన్న చెప్పిండా?"

"చెప్పలే. పక్కనే ఉంటి గద, చూసిన."

"మరి ఇన్ని రోజులు చెప్పకపోతివి?"

"ఎవలడిగిన్రు?"

ఆమె చెప్పినట్టే కలిపాం. రెండు వానలు పడ్డాయి, కప్పు కారలేదు. అందరూ సంతోషించారు. నాకు ఏమీ అనిపించలేదు. నువ్వు పోయినప్పటి నుంచి ఇలాగే ఉంది.

ఆ తీరంతా కాగితం మీద రాసి మేస్త్రీలకు ఇచ్చాను. కింద వేయడానికి ఆమె పేరు అడిగితే, రాజవ్వ అని చెప్పింది. మనం ముగ్గురం ఆరేళ్లు కలిసి పనిచేశాం. నీకు ఆ పేరు తెలిసే ఉంటుంది.