కడిగిన ఫిల్టర్

గద్వాల,
బుధవారం

కొడుకా భానూ,

నీకు నా దీవెనలు. ఫోన్ చేయకుండా ఈ ఉత్తరమేమిటని నవ్వుకోకు. నా చెవుల సంగతి నీకు తెలుసు. ఫోన్లో నువ్వు చెప్పేది నాకు వినపడదు, నేను చెప్పేది మాత్రం వీధి చివర కిరాణా కొట్టుదాకా వినపడుతుంది. ఇప్పుడు చెప్పబోయేది మన ఇంట్లో కూడా రెండో మనిషి వినకూడదు. నాగర్‌కర్నూల్‌లో నీతో పాటు గదిలో ఉండే కాలువ పనివాళ్ళ ముందు చదవకు. తలుపేసుకొని చదువు.

నీ భార్య మీద నాకు అనుమానంగా ఉంది. ఇన్ని రోజులూ మనసులోనే పెట్టుకున్నాను, ఇక నావల్ల కావడం లేదు. పత్తి విత్తనాల కంపెనీలో సూపర్‌వైజర్ అంటే ఏముంది? మల్దకల్ చుట్టుపక్కల చేన్లలో కూలీలు పూలకు పుప్పొడి అద్దే క్రాసింగ్ సరిగ్గా చేస్తున్నారో లేదో చూసి రావడం. మొదట్లో యమున పొద్దు గూకేలోపే ఇంట్లో ఉండేది. ఈ మధ్య దీపాలు పెట్టినా రావడం లేదు. అడిగితే, "బండి గుంజుతలేదు అత్తమ్మా, ఎత్తు కాడ ఆగిపోతుంది" అంటుంది. కొత్త వాసన ఇంకా పోని బండి ఎత్తెక్కదట! తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసమన్నాడట వెనకటికొకడు.

నేనేమైనా బండ్ల గురించి తెలియనిదాన్నా? ఆత్మకూరులో మీ నాయన సాయన్న మెకానిక్ షాపు నడిపినన్నాళ్ళూ ఆయన విప్పితే నేను కడిగాను. ఎయిర్ ఫిల్టర్ల పని అచ్చంగా నాదే. స్పంజిని కిరసనాయిలులో ముంచి, మెలిపెట్టకుండా అరచేతుల మధ్య ఒత్తి, నీడన ఆరబెట్టి, ఇంజన్ ఆయిల్ పట్టించి మళ్ళీ ఒత్తి పెట్టేదాన్ని. "బండికి ముక్కు మంచిగుంటే ఒళ్ళంత మంచిగుంటది" అనేవాడు మీ నాయన. పోయిన నెల యమున బస్సెక్కి పుట్టింటికి పోయిన రోజు ఆమె బండికీ అలాగే చేశాను. సీటు పక్క మూత విప్పి చూస్తే ఫిల్టర్ మట్టికొట్టుకొని ఉంది. ఇప్పటి ఫిల్టర్లు మడతలు మడతలుగా ఏదో కొత్త తీరులో వస్తున్నాయి. అయితేనేం, దుమ్ము దుమ్మే కదా. దాచుకున్న కిరసనాయిలంతా దానికే పోసి కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించి బిగించాను. ఆమెకు చెప్పలేదు, చెప్పుకోవడానికి అదేమన్నా ఘనకార్యమా? అందుకే బండిలో లోపం లేదని నేను ఒట్టు పెట్టి చెప్పగలను.

ఇక పెట్రోలు. పొద్దున ఆమె తల దువ్వుకుంటుంటే తాళంచెవి తీసి, ట్యాంకులో వేపపుల్ల ముంచి చూస్తున్నాను. ఇంటికొచ్చాక మళ్ళీ ముంచుతున్నాను. రోజూ పోయే పెట్రోలుతో మల్దకల్ కాదు, సోమశిల దాకా పోయి కృష్ణలో పడవెక్కి తిరిగి రావచ్చు. మీటర్ చూద్దామంటే ముల్లు కదలదు. కేబుల్ తెగిందట! ఎంత దూరం పోయిందో ఇంట్లోవాళ్ళకు తెలియకూడదనుకునే వాళ్ళ బండ్లకే ఈ కేబుళ్ళు తెగుతాయని నేను షాపులో చాలా చూశాను. సోమవారమైతే కంపెనీ జీపులోంచి దిగింది. నడుపుతున్నవాడు వాళ్ళ మేనేజర్ ఉదయ్ కిరణ్ అట. బండి చేను దగ్గరే ఆగిపోయిందట.

నేను ఏదీ తేల్చి చెప్పడం లేదు. పెట్రోలు ఎక్కువ పోతోంది, అంతవరకే నాకు తెలుసు. ఏం చేయాలో నువ్వే ఆలోచించు. నేను రాసినట్టు మాత్రం ఆమెకు తెలియనివ్వకు.

నీ మేలు కోరే అమ్మ,
పార్వతమ్మ

*

గద్వాల,
మంగళవారం

కొడుకా భానూ,

నిన్న యమున ఫోన్ చెవికి పెట్టుకొని పెరట్లో చాలాసేపు నిలబడింది. నువ్వేమన్నావో నాకు వినపడలేదు గానీ ఆమె ముఖం చూశాను. ఫోన్ పెట్టేసి నా పక్కన కూర్చొని, చెవి దగ్గరికి వంగి, "అత్తమ్మా, నువ్వేమన్న రాసినవా ఆయనకు?" అని అడిగింది. "నేనెందుకు రాస్త?" అన్నాను. మరి ఏమనమంటావు?

నువ్వు అన్న మాటలు తనే చెప్పింది. ఒకటో తారీకు నుంచి పని మానేయాలన్నావట. ఆదివారం వచ్చి బండి అమ్మేస్తానన్నావట. "నాకు ముందే తెలుసు" అన్నావట. అంతటితో ఆగక ఆ మేనేజర్‌కు ఫోన్ చేసి నానా మాటలూ అన్నావట. అతను ఈరోజు యమునను పిలిచి, "మీ ఇంట్ల పంచాయితీ తెగేదాక పత్తి ప్లాట్ల దిక్కు రాకమ్మా" అన్నాడట. క్రాసింగ్ ముమ్మరంగా జరుగుతున్న రోజులు. ఇప్పుడు పక్కన పెట్టారంటే ఆమె చేన్లు ఇంకొకరికి పోయినట్టే.

మేనేజర్ దాకా పోతావని నేను అనుకోలేదు. అది కాస్త తొందరపాటే. కానీ ఒకటి చెప్పనా, యమున అరవలేదు. అన్నం వండింది, నాకు పెట్టింది, తను తిన్నది. తప్పు లేని మనిషైతే ఇల్లు ఎగిరిపోయేలా అరవదా? ఆమె ఊరుకోవడం చూస్తుంటే నాకు ఇంకా అనుమానం పెరుగుతోంది.

రేపు బండిని మహేందర్ షాపుకు తీసుకుపోతాను. మీ నాయన దగ్గర పని నేర్చుకున్నవాడే, ఇప్పుడు గద్వాలలో మంచి పేరుంది. బండిలో ఏ లోపమూ లేదని యమున ఎదుటే అతని నోటితో చెప్పిస్తే ఇక ఆమెకు చెప్పడానికి సాకు ఉండదు.

మీ అమ్మ,
పార్వతమ్మ

*

గద్వాల,
గురువారం

భానూ,

ఈ ఉత్తరం నిలబడి చదవకు. కూర్చొని, రెండుసార్లు చదువు.

నిన్న బండి తీశాం. యమున నడుపుతుంటే నేను వెనక కూర్చున్నాను. వీధి మలుపు తిరగ్గానే నల్లపొగ కక్కింది, ఎత్తు మొదలుకాగానే గుటకలు మింగి ఆగిపోయింది. నేను దిగాను. అక్కడి నుంచి షాపుదాకా ఆమె బండి తోసింది, నేను వెనక నడిచాను. ఆ ఎండలో ఆమె వీపు చూస్తూ నడుస్తున్నా కూడా, ఇది నా కోసం ఆడే నాటకమేమో అని ఒకసారి అనిపించింది. నా బుద్ధి అంతవరకూ పోయింది.

మహేందర్ సీటు పక్క మూత విప్పి ఫిల్టర్ బయటికి తీశాడు. మడతలన్నీ ఒకదానికొకటి అతుక్కొని, నూనెకు నూనె, మట్టికి మట్టి గారకట్టి ఉంది. అతను దాన్ని ఇటూ అటూ తిప్పి, "దీన్ని ఎవరు కడిగిన్రు?" అన్నాడు.

"ఏమో, తెల్వదు" అన్నాను. అవును, అబద్ధమే చెప్పాను.

"గిది పాత బండ్ల లెక్క స్పంజిది కాదమ్మా, కాగితంది. దీన్ని కడగొద్దు, నూనె వెయ్యొద్దు. నిండితే తీసి పారేసి కొత్తది వెయ్యాలె, అంతే. గిట్ల నూనెల ముంచితే బండికి ఊపిరి యాడికెళ్ళి వస్తది? పెట్రోల్ తాగుతది, పొగ కొడ్తది, ఎత్తెక్కదు. యమునమ్మ చేన్లకాడ ఎన్నిసార్లు తోసిందో పాపం!" అన్నాడు.

ఆ ఫిల్టర్ అతని చేతిలోంచి తీసుకున్నాను. "నేనే కడిగిన" అన్నాను. యమున నా వైపు చూసి, "ఎప్పుడు?" అని ఒక్కటే అడిగింది. ఆమె పుట్టింటికి పోయిన రోజని చెప్పాను. ఆ మర్నాటి నుంచే బండి ఎత్తెక్కడం లేదంది. సిగ్గుతో చచ్చిపోయాను భానూ. సిగ్గుతో పాటే అనుమానం కూడా చావాలి కదా, చావలేదు. మీటర్ కేబుల్ మారుస్తుంటే తెగిన కొసను నా వేళ్ళతో తడిమి చూశాను. కోసిన కేబుల్ కాదు, మట్టి పట్టి అరిగి తెగినదే.

కొత్త ఫిల్టర్ నేనే ఎంచాను. మహేందర్ రెండు పెట్టాడు. ఒకదాని అంచు రబ్బరు గట్టిగా ఉంది, ఫిల్టర్ కూర్చునే డబ్బాలో పెడితే పక్కనుంచి సన్నగా వెలుతురు కనిపించింది. ఆ సందులోంచే దుమ్ము నేరుగా ఇంజన్లోకి పోతుంది, అది వద్దన్నాను. రెండోదాని మడతలు సమంగా ఉన్నాయి, అంచు మెత్తగా ఉండి డబ్బాకు అతుక్కుంది. అది వేయించాను. చేన్ల దారిలో తిరిగే బండి కాబట్టి బండితో వచ్చిన పుస్తకంలో చెప్పిన దూరానికంటే ముందే మార్చమన్నాడు మహేందర్. బండి అదే ఎత్తు మీద మా ఇద్దర్నీ ఎక్కించుకొని ఆగకుండా పోయింది. వెనక కూర్చొని నేను ఏడ్చాను.

ఇంటికొచ్చాక ఉత్తరం సంగతి చెప్పేశాను. యమున నా చెవి దగ్గరికి వంగింది. "బండి ఆగుతుందని నీకు చెప్పిన, ఆయనకు చెప్పిన. ఒక్కరన్న బండి విప్పి చూసిన్రా అత్తమ్మా? నన్నే విప్పి చూసిన్రు" అంది. ఈరోజు పొద్దున కంపెనీ ఆఫీసుకు పోయి, ఆ మేనేజర్‌కు దండం పెట్టి, తప్పు నాదీ నా కొడుకుదీ అని అందరి ముందే చెప్పాను. అతను మంచివాడు, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, "రేపటికెళ్ళి పనికి రమ్మను పెద్దమ్మా" అన్నాడు. ఆమె చేన్లు ఆమెకే ఉన్నాయి.

ఇక నీ సంగతి. నేను రాసింది పెట్రోలు గురించి. "నాకు ముందే తెలుసు" అన్నావే, ఏం తెలుసు నీకు? నేను ముసలిదాన్ని, చెవులు లేవు, ఇంట్లో ఒక్కదాన్నే కూర్చొని పుల్లలు ముంచుకుంటూ లేనిపోనివి అల్లుకున్నాను. నువ్వైతే బస్సెక్కి వచ్చి ఒక్కసారి ఆ బండి నడిపి చూస్తే తెలిసిపోయేది. మెకానిక్ కొడుకువి! అమ్మ తప్పుగా చూసిందేమోనని ఒక్క పూట కూడా నీకు అనిపించలేదు. నీ మనసులో ముందే ఏదో సిద్ధంగా ఉంది, నా ఉత్తరం దానికి తలుపు తీసింది. ఆ ఏదో ఏమిటని రాత్రంతా ఆలోచించాను. అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు బిడ్డలా అంటారు. నా కడుపున పుట్టినవాడివే అయినా, ఇప్పుడు నిన్ను చూస్తే నాకు భయంగా ఉంది.

క్రాసింగ్ అయిపోయేదాకా యమున మల్దకల్‌లో గది తీసుకుంటోంది. రేపే పోతోంది. తర్వాత ఈ ఇంటికి వస్తుందో రాదో నేను అడగలేదు, అడిగే హక్కు నాకు లేదు. "నేను గూడ వస్త" అన్నాను. ఆమె బట్టలు సర్దడం ఆపి, "రా. గానీ ఆయన వచ్చిననాడు నువ్వు నడుమ మాట్లాడొద్దు" అంది. సరేనన్నాను.

కాబట్టి ఆదివారం గద్వాల రాకు, ఇంటికి తాళం వేసి ఉంటుంది. మల్దకల్ రా. బండి అమ్మడానికైతే రావద్దు, అది ఆమె జీతంతో కొన్న బండి. నేను వాకిట్లో కూర్చుంటాను. నువ్వు లోపలికి పోయి, ఏం జరిగిందో ఆమెనే అడిగి, ఆమె చెప్పేది చివరిదాకా విను. అది నీకు చేతకాకపోతే నాగర్‌కర్నూల్‌లోనే ఉండిపో. నేను ఆమె దగ్గరే ఉంటాను.

నిన్ను కన్న తల్లి, యమున అత్త,
పార్వతమ్మ