పధ్నాలుగో ప్రశ్నకు నా జవాబు

జూన్ 3, ఉదయం 11

ఉద్యోగం వచ్చింది! మా చిన్నోడికి ఉద్యోగం వచ్చింది! గబగబా రాసేస్తున్నాను. అక్షరాలు వంకరపోతే పోనీ.

అదీ ఎక్కడ! పదహారో ఏట బైకులు ఎత్తుకొచ్చి వాడు ఎనిమిది నెలలు జువెనైల్ హోమ్‌లో ఉన్నప్పుడు యూనివర్సిటీ నుంచి ఒక మేడం వచ్చింది. తప్పు చేసిన పిల్లలు తర్వాత ఏమవుతారు, చదువుకుంటారా, సుఖంగా ఉంటారా అని రీసెర్చ్. తొమ్మిదేళ్లుగా ఏటా వస్తోంది. వాణ్ణి ఒక గదిలో, నన్ను ఒక గదిలో కూర్చోబెట్టి ప్రశ్నలు అడుగుతోంది. ఇప్పుడు ఆ సర్వేలోనే మావాడు ఇన్వెస్టిగేటర్! ఇన్నాళ్లూ జవాబులు చెప్పిన నోటితోనే ఇక ప్రశ్నలు అడుగుతాడు!

జూన్ 4

సెలూన్‌లో చెప్పాను. బస్టాపులో ముక్కూమొహం తెలియనాయనకి చెప్పాను. పెద్దాయనా, ఈ మాట చెప్పడం మూడోసారి, గడ్డం మాత్రం ఒక్కసారే గీస్తాను అన్నాడు సెలూనతను. మా ఆవిడేమో, కూర్చోవయ్యా బాబూ, నీ తిరుగుడుకి నేల అరిగిపోతోంది అంది. ఎలా కూర్చోను?

తమ్ముడికి ఫోన్ చేశాను. ఏడ్చేశాడు. వాణ్ణొకసారి వచ్చి చూడొచ్చా అన్నయ్యా అన్నాడు. చూద్దాంలే అన్నాను. మావాడు బాబాయి గడప తొక్కి తొమ్మిదేళ్లయింది. తనను పోలీసులకు పట్టించింది బాబాయేనని వాడి నమ్మకం.

జూన్ 9

మేడం ఫోన్. మొదట్నుంచీ ఉన్న మాలాంటివాళ్లకి ఇదే చివరి రౌండట. పాత జవాబులన్నీ చదివి వినిపిస్తుందట, తప్పులుంటే దిద్దుకోవచ్చట. పధ్నాలుగో ప్రశ్న: అబ్బాయి గురించి పోలీసులకు ఎవరు చెప్పారు? ఏటా తెలియదనే చెప్పాను.

ఆఫీసులో మావాడు ఆ కాగితాలు చూస్తాడా అని అడిగాను, ఏదో మాటవరసకి అడిగినట్టు. వాడి ఫైలు బీరువాలో పెట్టి తాళం వేశాం, వాడికి ఇవ్వం అంది. హమ్మయ్య అనుకోవాలి కదా. అన్నం సహించలేదు.

జూన్ 10

నేనే.

జూన్ 11, సాయంత్రం 5

ఎలాగూ రాసేశాను, మిగతాదీ రాస్తాను. స్టేషన్‌కి నేనే వెళ్లాను. వాడు అప్పటికి మూడో బైకు తెచ్చాడు. ఇంకొన్నాళ్లు పోతే నా చేతికి దొరకడని భయం. తమ్ముడు తోడొచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. ఎవరో తమ్ముణ్ణి చూశారు, ఆ మాట మావాడికి చేరింది. నిజం చెప్పేస్తానంటే తమ్ముడే ఆపాడు. నన్ను తిట్టుకుంటే తిట్టుకోనీ అన్నయ్యా, నిన్ను తిట్టుకుంటే ఇంటికే రాడు అన్నాడు. ఆ మాట చాటున తొమ్మిదేళ్లు దాక్కున్నాను. మా ఆవిడకీ చెప్పలేదు.

జూన్ 14

మేడం వచ్చింది. పధ్నాలుగు చదివింది. దిద్దాలమ్మా, చెప్పింది నేనే అన్నాను. పాత జవాబు కొట్టేసింది. మీవాడికి తెలుసా అంది. తెలీదన్నాను. మేం చెప్పకూడదు, మా రూలు, చెబితే మీరే చెప్పాలి అంది.

మొదటి జీతం అందుకున్నాక చెబుదాం అనుకున్నాను. కాదు, ఈ వారం గడిచాక అనుకున్నాను. తర్వాత నామీద నాకే సిగ్గేసింది.

జూన్ 15, ఉదయం 8

చెప్పేశాను. చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. స్విచ్ ఆపేశాడు. బాబాయికి ఇన్నేళ్లు నాచేత అన్యాయం చేయించావు నాన్నా అన్నాడు. అరవలేదు. అరిచినా బాగుండేది. సగం ఇస్త్రీ చొక్కానే వేసుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం 3

తమ్ముడి ఫోన్! నీ కొడుకు మా ఇంట్లోనే ఉన్నాడన్నయ్యా, గంట నుంచి నా చెయ్యి వదలడు, ఆఫీసుకి పోరా అంటే పోడు, చేరిన వారమే ఉద్యోగం ఊడేట్టుంది అని నవ్వుతాడు, ఏడుస్తాడు. నేనూ అంతే! అయ్యో, ఇంత సంతోషం ఎక్కడ పెట్టుకోను!

నాన్న గురించి ఏమైనా అన్నాడా అని అడిగాను. తమ్ముడు మాట మార్చేశాడు.

జూన్ 16

మావాడు వచ్చాడు. కాగితం, పెన్ను తీసుకుని నా ఎదురుగా కూర్చున్నాడు. ఆ రోజు స్టేషన్‌కి ఎన్నింటికి బయల్దేరావు అన్నాడు. ఇష్టం లేకపోతే చెప్పక్కర్లేదు అన్నాడు, మేడం ఏటా అన్నట్టే.

చెబుతాను, రాసుకోరా అన్నాను.