ఎర్రదిన్నెలో ఇంజనుకు మడి

ఎర్రదిన్నె,
3 మార్చి 1938

నేరం మీది. ముందు ఆ మాట చెప్పి, ఆ తర్వాత నమస్కారం పెడతా. ఊళ్ళో ఉన్న కులపిచ్చి చాలదని, ఇంకొంత మీరు రైలెక్కించి పంపినారు.

రైలు కంపెనీ జిల్లా ఆఫీసులో తెలుగు గుమాస్తా గురప్ప పంతులు గారికి, ఎర్రదిన్నె చేనేతగాడు, ఊరి పుస్తకాల చదువుటింటి కార్యదర్శి ఉరుకుందప్ప నమస్కరించి రాసేది.

మీ నోటీసు మా స్టేషను గోడకు అంటించినారు. "ఈ లైనుపై తొలుత నడచిన పురాతన ధూమశకట యంత్రము జీర్ణోద్ధరణ గావింపబడి, ఊరూర సంచారము సల్పుచు, ఈ నెల 27వ తేదీ ఉదయము ఎనిమిది గంటలకు ఎర్రదిన్నెకు వేంచేయును. ప్రజలు దర్శించి తరించవలెను" అని ఉంది. అయ్యా, వేంచేసేది దేవుడు. ఇంజను వస్తుంది, అంతే. జీర్ణోద్ధరణ గుడికి చేస్తారు. ఇంజనుకు రిపేరు చేస్తారు. నలభై ఏండ్లు షెడ్డులో తుప్పు పట్టినదాన్ని బాగుచేసి, రంగు వేసి, జనానికి చూపించడానికి తిప్పుతున్నామని నాలుగు ముక్కల్లో రాస్తే మీ జంధ్యం తెగేదా?

ఆ నోటీసు పుణ్యాన ఏం జరిగిందో వినండి. మా ఊరి పెద్ద తిమ్మారెడ్డి అర్చకుణ్ణి వెంటబెట్టుకొని వచ్చి ప్లాట్‌ఫారం మీద సున్నంతో గీత గీయించినాడు. గీతకు లోపల ఊరు. మాలగేరి వాళ్ళు ప్లాట్‌ఫారం దిగి, అవతల కంపచెట్లలో నిలబడి చూడాలంట. ఇదెక్కడి న్యాయమని అడిగితే, "నోటీసులో దర్శనం అని ఉండాది కదప్పా. దర్శనానికి ఒక పద్ధతి ఉంటాది" అన్నాడు.

ఆ గేరిలో విశ్వాసమ్మ అని ఒకామె ఉంది. రైలు గేటు కాపలాదారు తల్లి. ఈ లైను వేసే రోజుల్లో ఆమె తల్లి నిండు చూలాలుగా మట్టి తట్టలు మోసింది. ఇదే ఇంజను మొట్టమొదట కూత వేసుకుంటూ పోయిన రోజు, ఆ కట్ట పక్కనే విశ్వాసమ్మ పుట్టింది. ఇంజనును ఒక్కసారి చేత్తో తాకి చూడాలని ఆమె కోరిక. ఆమెను కంపల్లో నిలబెట్టి తిమ్మారెడ్డిని ముందు నిలబెట్టే ఇంజను మాకొద్దు. నోటీసు మార్చి రాయండి.

ఇట్లు,
ఉరుకుందప్ప

తా.క. ఇంజనుకు చీర పెట్టాలా, పంచె పెట్టాలా అని ఊళ్ళో మూడు రోజులుగా పంచాయితీ నడుస్తోంది. పొగ గొట్టం ఉంది కాబట్టి మగదని ఒక పక్షం. కూత వేస్తుంది కాబట్టి ఆడదని ఇంకో పక్షం. రెండో పక్షంలో పెండ్లయినవాళ్ళు ఎక్కువ.

•

జిల్లా ఆఫీసు,
8 మార్చి 1938

మహారాజశ్రీ ఉరుకుందప్ప గారి సముఖమునకు,

తమ లేఖ చేరినది. నోటీసు నా రచన కాదు. మదరాసు నుండి ఒక పండితులవారు వ్రాసి పంపినది. అందు ఒక్క అక్షరము మార్చుటకును నాకు అధికారము లేదు.

ప్లాట్‌ఫారముపై గీత గీయించినారని తెలియజేసితిరి. ఇంజను వచ్చునప్పుడు ప్రజలు అంచునకు రాకుండ గీత యుండవలెననునది మా నిబంధనయే. ఇంజనీరు దొరవారు తమ గ్రామస్థుల ముందుచూపునకు మిక్కిలి సంతసించి, తక్కిన స్టేషనులవారును ఎర్రదిన్నెను జూచి నేర్చుకొనవలెనని సెలవిచ్చినారు.

చిత్తగించవలెను.
టి. గురప్ప, తెలుగు గుమాస్తా

తా.క. ఇంజను లింగమును గూర్చి మా నిబంధనలలో ఏమియు లేదు.

•

ఎర్రదిన్నె,
11 మార్చి 1938

గురప్ప పంతులు గారికి, కోపం అణుచుకొని ఉరుకుందప్ప రాసేది.

మీ జాబు నా చేతిలోనుంచి లాక్కొని, అందరికీ చూపిస్తూ తిమ్మారెడ్డి ఊరంతా తిరుగుతున్నాడు. దొర మెచ్చుకున్న గీత అని దాన్ని ఇంకా లావుగా గీయించినాడు. నేను చెప్పింది కాలు జారి పడకుండా గీసే గీత కాదు మహాశయా, మనిషిని తోసేసే గీత. మీకు అర్థమయ్యే భాషలోనే చెప్తా. ఇక్కడ మడి కట్టినారు. ప్లాట్‌ఫారం ఈ కొస నుంచి ఆ కొస దాకా మడి. ఇరవై ఏడో తేదీన తెల్లవారుజాము నుంచి బిందెలతో నీళ్ళు పోసి, ఇంజను వచ్చేదాకా తడి ఆరకుండా చూస్తారంట. విశ్వాసమ్మ ఆ మడిలో అడుగు పెట్టకూడదంట. తాగడానికి నీళ్ళు లేక ఊరి నాలుక పిడచకట్టుకుపోతుంటే ఈ మడికి మాత్రం నీళ్ళు ఉన్నాయి.

మీరు చదువుకున్నవారు. ఈ మడిని వెంటనే తీసేయించండి.

ఇట్లు,
ఉరుకుందప్ప

తా.క. చీర పక్షం గెలిచింది. నలభై మూరల ఎర్రంచు చీర నేయమని నా మగ్గానికే వచ్చినారు. మూఢత్వానికి నా మగ్గం ఆడదని గర్జించినా. మగ్గం అప్పటికే ఆడుతోంది. నా భార్య సుంకమ్మ పొద్దున్నే పని ఒప్పుకొని కూర్చుంది.

•

జిల్లా ఆఫీసు,
15 మార్చి 1938

మహారాజశ్రీ ఉరుకుందప్ప గారికి,

తమ లేఖ వలన మిక్కిలి గంభీరమైన సంగతి బయటపడినది. రైలు కంపెనీవారి భూమిలో, అనుమతి లేకుండ, ప్లాట్‌ఫారము పొడవునను మడి కట్టి నీరు పెట్టుచున్నారని ఇంజనీరు దొరవారికి మనవి చేసితిని. దొరవారు నిఘంటువు దెప్పించి స్వయముగా పరిశీలించి, మడి యనగా వరి నాటెడి పొలమని నిర్ధారణ చేసికొనినారు. కావున దిగువ ప్రశ్నలకు మరుటపాలో జవాబు వ్రాయవలెను.

నాటినది ఏ రకము వరి? నారు పోసి ఎన్ని దినములైనది? దున్నిన యెడ్లు ఎవరివి? విశ్వాసమ్మ అను కూలీని మడిలో దిగనీయకుండుటకు కారణమేమి, ఆమె నాట్లు సరిగా వేయదా?

చిత్తగించవలెను.
టి. గురప్ప

తా.క. ప్లాట్‌ఫారము రాతి కట్టడము గదా, నాగలి ఎట్లు దిగినదని దొరవారు ఆశ్చర్యపడుచున్నారు.

•

ఎర్రదిన్నె,
17 మార్చి 1938

గురప్ప గారూ,

ఈసారి పంతులు అనే మాట తీసేసినా. అది చదువుకున్నవాళ్ళకు పెట్టే మాట.

ఎర్రదిన్నెలో వరి మడా? మా ఊళ్ళో వరి అన్నం చూడాలంటే ఎవరికన్నా పెండ్లి కావాలి, లేదంటే ఎవరన్నా పోవాలి. మీ దొరకు తెలుగు రాదు సరే, మీరు ఏ నూనెతో దీపం పెట్టుకొని చదివినారు? మీ ఇంట్లో ముసలమ్మలు లేరా? మడి అంటే పొలం కాదు. మడి అంటే తాతల కాలం నుంచి కట్టుకుంటూ వచ్చింది. దాన్ని తెంచేదానికి మా ఊళ్ళో ఒక్కడికీ ధైర్యం లేదు. తెంచితే ఊరే మునిగిపోతుందని వాళ్ళ భయం. నేనొక్కణ్ణి తెంచుదామంటే నా మీదికి కర్రలెత్తుకొని వస్తున్నారు. ఇప్పటికైనా అర్థమయిందా?

విశ్వాసమ్మకు మీ జాబు చదివి వినిపించినా. నాట్లు సరిగా వేయదా అన్న ప్రశ్నకు ఆమెకు కోపం వచ్చింది. మీ దొరను పిలుచుకొని వచ్చి ఆమె పక్కన వంగమనండి, ఎవరి నడుము ముందు పడిపోతుందో చూద్దామంటోంది.

ఇట్లు,
ఉరుకుందప్ప

తా.క. చీరకు నలభై మూరలు చాలుతాయా అని సుంకమ్మ అడుగుతోంది. ఇంజను నడుము చుట్టుకొలత ఎంత?

•

జిల్లా ఆఫీసు,
22 మార్చి 1938. అర్జెంటు

మహారాజశ్రీ ఉరుకుందప్ప గారికి,

సదరు మడి తాతల కాలము నాటిదనియు, గట్టు తెంచిన యెడల గ్రామమే మునుగుననియు తామే స్వహస్తముతో వ్రాసియున్నారు. ఇంత కాలము నీరు నిలిచిన నేల లోలోపల ఎంత నాని యుండునో తలచుకొని దొరవారికి చెమటలు పోసినవి. అంత వృద్ధ యంత్రమును అట్టి తడినేల దరి నిలుపుట ప్రమాదమని తలచి, ఆజ్ఞను సవరించినారు.

ఇంజను ఎర్రదిన్నె ప్లాట్‌ఫారము చెంత ఆగదు. ఒకటిన్నర మైలు ఇవతల, గేటు వద్ద, గట్టి పొడినేలపై నలువది నిమిషములు నిలుచును. పిదప స్టేషనులో ఆగక సాగిపోవును. చూడగోరువారు గేటు వద్దకే రావలెను. స్టేషను మాస్టరుకు ముందటి సాయంకాలము తంతి ద్వారా తెలియజేయబడును.

చిత్తగించవలెను.
టి. గురప్ప

తా.క. గేటు పరిసరములలో మడి యేదియు లేదని, ఎన్నడును లేదని, కాపలాదారు తల్లి వ్రేలిముద్ర వేసి ఇచ్చినది. దొరవారికి పూర్ణ విశ్వాసము కలిగినది.

•

ఎర్రదిన్నె,
28 మార్చి 1938

ప్రియమైన గురప్ప పంతులు గారికి, పంతులు అనే మాట మళ్ళీ తగిలించి, రెండు చేతులా నమస్కరించి ఉరుకుందప్ప రాసేది.

గెలిచినాం. మీ జాబు చదివినప్పుడు ఇంజనే రాకుండా పోయిందని తల పట్టుకున్నా. ఆ తర్వాత గేటు అనే మాట మళ్ళీ చదివినా. గేటు పక్కనే మాలగేరి.

తంతి వచ్చిన సంగతి స్టేషను మాస్టరు చెప్పబోతే తిమ్మారెడ్డి నమ్మలేదు. నోటీసు మీద అచ్చు అక్షరాల్లో ఎర్రదిన్నె అని ఉంటే గేటు ఎక్కడిదన్నాడు. పొద్దున ఏడింటికే ఊరి పెద్దలంతా తడి బట్టలు కట్టుకొని, గుమ్మడికాయ, టెంకాయలు, మేళం, నలభై మూరల చీరతో ప్లాట్‌ఫారం ఎక్కినారు. ఊరబావిలో నీళ్ళన్నీ ఆ రాళ్ళ మీదనే పోసినారు.

నేను గేటు దగ్గర ఉన్నా. ఎనిమిదికి పొగ కనబడింది. నల్లరంగు, ఇత్తడి పట్టీలు, పొడుగాటి పొగగొట్టం. తాత పెండ్లికొడుకు వేషం వేసినట్టు వచ్చి, సరిగ్గా గేటు ముందర నిలబడింది. గేరి గేరంతా వచ్చింది. విశ్వాసమ్మ ముందుకు పోయి చక్రం మీద అరచెయ్యి పెట్టింది.

"మా యమ్మ మోసిన మన్ను మీద నిలబడుండావు" అంది దాంతో. "ఎంత బరువుండావో సూస్తామని వచ్చినా."

డ్రైవరు డోన్ మనిషి, నెరిసిన గడ్డం సాయిబు. ఆ మాట విని కిందికి దిగి, ఆమెను చెయ్యి పట్టి పైకెక్కించినాడు. కూత తాడు చూపించి లాగమన్నాడు. ఆమె లాగింది. లాగి, వదలలేదు. ఆ కూత ఒకటిన్నర మైలు అవతల ప్లాట్‌ఫారం మీద టెంకాయ పట్టుకొని నిలబడినవాళ్ళకు వినబడింది.

అప్పుడు మొదలైంది వాళ్ళ పరుగు. కంకర రాళ్ళ మీద ఉత్త కాళ్ళతో, ఎండలో. ఇరవై నిమిషాల తర్వాత గేటు చేరేసరికి ఒక్కడి ఒంటి మీదా తడి లేదు. మడి దారిలోనే ఆరిపోయింది. తిమ్మారెడ్డి ఆయాసపడుతూ, "మేం రాకముందే ఎట్లా సూపిస్తారప్పా?" అని డ్రైవరును అడిగినాడు. డ్రైవరు తాపీగా, "ఈడ గీత ల్యాదు రెడ్డీ. యాడ సందుంటే ఆడ నిలబడు" అన్నాడు.

సందు మాలగేరి మనుషుల మధ్యలో ఉంది. నిలబడకపోతే ఇంజను పోతుంది. తిమ్మారెడ్డి ఒక నిమిషం ఆలోచించినాడు. తర్వాత భుజాలు ముడుచుకొని వచ్చి, విశ్వాసమ్మ కొడుకు పక్కన నిలబడి మెడ సాచి చూసినాడు. ఇంటికి పోయి తానం చేస్తానని గొణిగినాడు గానీ, ఊరబావిలో చెంబెడు నీళ్ళు లేవని అక్కడున్న అందరికీ తెలుసు.

చీర సంగతి కూడా రాయాలి. అర్చకుడు రెండు చేతులా అందిస్తే, ఫైర్‌మన్ దాన్ని నూనె తుడుచుకునే గుడ్డ అనుకొని, "శానా మంచి గుడ్డ" అని మెచ్చుకొని చేతులు తుడుచుకున్నాడు. నా మగ్గానికి ఇంతవరకు దక్కిన పొగడ్త అదొక్కటే.

ఇదంతా మీకు మడి అంటే ఏందో తెలియకపోవడం వల్ల జరిగింది. అజ్ఞానం ఇంత మేలు చేయడం నా యాభై ఏండ్లలో చూడలేదు. అందుకని మా చదువుటింట్లో వచ్చే నెల 10వ తేదీన మీకు సన్మానం పెట్టినాం. తప్పకుండా రావాలి.

ఇట్లు,
మీ ఉరుకుందప్ప

తా.క. విశ్వాసమ్మను, గేరి వాళ్ళను కూడా పిలిచినాం. చదువుటిల్లు ఇరుకు కాబట్టి వాళ్ళకు కిటికీ బయట చాపలు వేయిస్తున్నాం. అక్కడికి చక్కగా వినబడుతుంది.

•

2 ఏప్రిల్ 1938

ఉరుకుందప్ప గారికి, గురప్ప నమస్కరించి రాసేది.

ఇది ఆఫీసు కాగితం కాదు, ఆఫీసు భాష కూడా కాదు. చదివినాక పొయ్యిలో వేయండి.

మీరు పంతులు అన్నారు, తీసేసినారు, మళ్ళీ తగిలించినారు. మూడుసార్లూ తప్పే. నేను పుట్టింది బద్వేలు పక్కన ఒక మాలగేరిలో. పాదిరీల బడిలో చదువుకొని ఈ కుర్చీలోకి వచ్చినా. మా అమ్మ కూడా రైలు కట్టకు కంకర కొట్టింది. మడి అంటే నాకు తెలియదా? అమ్మ అనే మాట తర్వాత నేను నేర్చుకున్న మాట అదే. మూడోది, దూరం జరుగు.

కులం గొడవలో తలదూర్చమంటే మా దొర వినడు. అదేదో మీ ఆచారం అంటాడు. నేల నానిందంటే మాత్రం నిద్ర పోడు. అందుకే నిఘంటువు నేనే తెచ్చి ఇచ్చినా. మడికి అందులో రెండు అర్థాలు ఉన్నాయి. రెండో దాని మీద బొటనవేలు పెట్టి, మొదటిది చూపించినా. తక్కినదంతా మీ ఉత్తరాలే చేసినాయి. మీ అంత కోపంగా, మీ అంత గజిబిజిగా రాసే మనిషి దొరకడం నా అదృష్టం.

కూత ఇక్కడికి వినబడలేదు. డ్రైవరు సాయిబు తిరిగి వచ్చి చెప్పినప్పుడు వినబడింది. ఆ రోజు ఆఫీసులో ఒక్క పనీ చేయలేదు. చేసినట్టు రాసినా.

సన్మానానికి వస్తా. కానీ మీ తాజా కలం రెండుసార్లు చదివినా, ఉరుకుందప్ప గారూ. సున్నం లేకుండానే మీరు గీత గీసినారు. మీరు గీసింది నాకు కూడా. కిటికీ బయట చాప మీద కూర్చోవలసినవాణ్ణి నేనే కదా. మీరు కావాలని రాయలేదని తెలుసు. కోపం తెచ్చుకోవడం మీకు బాగా వచ్చు కాబట్టి, ఈసారి దాన్ని ఇంట్లో వాడండి.

ఇట్లు,
టి. గురప్ప

తా.క. నా డిమాండ్లు:

1. కిటికీ బయట చాపలు ఎత్తేయాలి. ఇరుకైతే అందరూ ఇరుక్కొని కూర్చోవాలి.

2. విశ్వాసమ్మ లోపల, ముందు వరసలో, మీ పక్కన కూర్చోవాలి.

3. సభలో ఒకటే కుండ, ఒకటే చెంబు. మొదట విశ్వాసమ్మ తాగాలి, తర్వాత సుంకమ్మ గారు, ఆ తర్వాత మీరు.

4. చదువుటింటి సభ్యుల పట్టీలో గేరి వాళ్ళ పేర్లు ఎక్కాలి. ఆ రోజే, అందరూ చూస్తుండగా.

5. తిమ్మారెడ్డిని పిలవాలి. ఆయనకూ కుర్చీ వేయాలి. సందు ఉన్నచోట.

6. వీటిలో ఒక్కటి తగ్గినా నేను మీ చదువుటింటికి రాను. గేటు దగ్గర దిగుతా. సభ అక్కడ పెట్టుకుంటాం. మీరు అక్కడికి రండి.