కిందికి దిగే గాలి

ఏమయ్యా,

నువ్వు చనిపోయి ఈ రోజుకు ఏడాది. గల్ఫులోని ఈ మిష్రిఫ్‌లో నేను పనిచేసే ఈ ఇంటికి ఏసీ బాగుచేయడానికి వచ్చి, హాల్లో గాలి వచ్చే జాలీకి నీలం రిబ్బను ముక్క కట్టావు. "గాలి ఆడేది కంటికి కనపడాల గదా మే" అన్నావు. అది ఇంకా ఊగుతూనే ఉంది.

నేను మామా అని పిలిచే ఈ ఇంటి యజమానమ్మ బడిలో సైన్సు చెబుతుంది కదా. ఈ సాయంత్రం టీ ఇస్తే, ఆ రిబ్బను ముక్కను చూపిస్తూ రేపటి పాఠం నాకు చెప్పింది. ఎండ నుంచి మనల్ని కాపాడే ఓజోన్ ఎక్కువగా తయారయ్యేది వేడి దేశాల పైనేనట. కానీ అక్కడ నిలవదు. చాలా ఎత్తున మెల్లగా కదిలే గాలి దాన్ని మంచు ధ్రువాల వైపు మోసుకుపోయి కిందికి దింపుతుంది. అందుకే పుట్టినచోట కన్నా అక్కడే ఎక్కువ పోగవుతుందట. అలా దిగే గాలి నొక్కుకుపోయి వేడెక్కుతుందట కూడా.

నిప్పు లేకుండా వేడి ఎలా పుడుతుందో నాకు అర్థం కాలేదు. కంప్రెసర్‌లో గ్యాసూ అంతేనని నువ్వెప్పుడో చెప్పినట్టు గుర్తు.

"శుక్రవారం మా ఆయన వస్తాడు గదా మామా, అడిగి చెప్తాలే" అన్నాను.

మామా చేతిలోని కప్పు పక్కన పెట్టింది. కప్పు తీసుకెళ్లి కడిగి బోర్లించాను.

ఎల్లుండే శుక్రవారం. వారం వారం నువ్వు గేటు దగ్గరికి వచ్చే రోజు.