రెండు ఇంజన్లు, ఒక చీటీ

1991 మే 4, శనివారం

బాదం తోటాయన రాబిన్‌వేల్ నుంచి ఫోన్ చేశాడు. ఈసారి నా నలభై ఎనిమిది తేనెటీగల పెట్టెలూ కావాలట. ఆగస్టు మొదటి వారంలో బాదం పూత విచ్చుకుంటుంది, ఆ లోపే తేనెటీగలు తోటలో దిగాలి. ఆలస్యమైతే వేరేవాళ్ళని పిలుచుకుంటానని ముందే చెప్పేశాడు. మొహమాటం లేని మనిషి. నాకు ఇలాంటివాళ్ళే నయం.

పోయినేడు అద్దె ట్రక్కులో వెళ్ళాను. అది దారిలో ఆగిపోయింది. వాకిళ్ళు మూసిన పెట్టెల్లో గాలాడక ఈగలు చచ్చాయి. రోడ్డు పక్కన కూర్చుని ఏడ్చాను. ఇక అద్దె బండి ముట్టను. నర్సింగ్ హోంలో చేసిన నైట్ డ్యూటీల డబ్బుంది, తేనె డబ్బుంది. సొంత యూట్ కొంటాను, వెనక సామాను వేసుకునే ట్రే ఉండే బండి. డీజిల్‌ది. పెద్ద ట్రే ఉన్నది.

మే 11, శనివారం

డాండెనాంగ్ యార్డుకి వెళ్ళాను. రెండు యూట్‌లు పక్కపక్కనే పెట్టారు. ఒకే కంపెనీ, ఒకే ట్రే. తేడా అంతా బానెట్ కిందే. ఎర్రదానికి చిన్న ఇంజన్, టర్బో ఉంది. తెల్లదానికి పెద్ద ఆరు సిలిండర్ల ఇంజన్, టర్బో లేదు. సేల్స్‌మన్ ఎర్రదాని చుట్టూ తిరుగుతూ మాట్లాడాడు, తెల్లదాన్ని చేత్తో చూపించి వదిలేశాడు. మీ ఆయన ఎప్పుడొస్తాడని అడిగాడు. మా ఆయనకి గేరు బండి నడపడం రాదన్నాను. పాపం, మళ్ళీ ఎర్రదాని బానెట్ తుడవడం మొదలుపెట్టాడు.

మధ్యాహ్నం, ఇక్కడివాళ్ళ మాటలో ఆర్వోలో, యోగానంద్ గారు ఇంటికి వచ్చారు. మా తెలుగు సహవాసానికి ఆయనే పెద్ద. ఆదివారం ఆర్వోల్లో స్కూలు హాలు అద్దెకు తీసుకుని ఇరవై కుటుంబాలం ప్రార్థన చేసుకుంటాం. ఆయన పంపుల ఫ్యాక్టరీలో డిజైన్ ఇంజనీరు. టీ తాగుతూ, ఏమ్మా రూతూ, ఈ రోజుల్లో కూడా టర్బో లేని డీజిల్ కొనేవాళ్ళుంటారా, అది ఎద్దుబండమ్మా, అన్నారు. మా ఆయన బాలశౌరి తల ఊపారు. మా ఆయన గవర్నమెంటు ఆఫీసులో లెక్కలు చూస్తారు. యోగానంద్ గారు వర్షం వస్తుందన్నా ఈయన తల ఊపుతారు.

బండి ఎందుకో, దాని మీద ఏం ఎక్కిస్తానో ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు.

మే 14, మంగళవారం

ఎర్రదా, తెల్లదా అని డ్యూటీలో ఒక ముసలమ్మని అడిగాను. బట్టతల లేని సేల్స్‌మన్ ఏది అమ్మితే అది కొనమంది.

మే 18, శనివారం

లోడుతో నడిపి చూస్తేగాని కొననని సేల్స్‌మన్‌తో చెప్పాను. అలా ఎవరూ అడగరన్నాడు. నేను అడుగుతున్నాను కదా అన్నాను. అతని మేనేజరు వచ్చాడు, మళ్ళీ అదే చెప్పాను. చివరికి ఇసుక బస్తాలు వేయించారు. ట్రే మీద పట్టే ఇరవై నాలుగు పెట్టెల బరువు.

మొదట కొండ రోడ్డు. నిజం రాసుకోవాలి. ఎర్రది ఎగిరిపోయింది. పాల ట్రక్కును దాటేసింది. సేల్స్‌మన్ ముఖం వెలిగిపోయింది. తెల్లది సెకండ్ గేర్‌లో మూలుగుతూ ఎక్కింది. సైకిల్ తొక్కే కుర్రాడొకడు చాలాసేపు మా పక్కనే ఉన్నాడు. నాకూ కొంచెం సిగ్గేసింది.

తర్వాత రెండింటినీ వంతులవారీగా కేరమ్ డౌన్స్‌లో మా ఇంటి వెనక గడ్డి నేలలోకి తెచ్చాను. అక్కడే అసలు పరీక్ష. పెట్టెలతో వెళ్ళేటప్పుడు తోటల్లో, అడవి దారుల్లో మనిషి నడిచినంత నెమ్మదిగా పోవాలి. గతుకులు, ఇసుక, వేళ్ళు. ఎర్రది తొక్కితే కదలదు, ఇంకాస్త తొక్కితే అప్పుడే నిద్ర లేచినట్టు ఒక్క దూకు దూకుతుంది. రెండుసార్లు బస్తాలు జారాయి. సేల్స్‌మన్ అలవాటైపోతుందిలే అన్నాడు. నాకు అలవాటవుతుంది, నా ఈగలకి అవుతుందా? కుదుపులో రాణి చచ్చిందంటే ఆ పెట్టె పోయినట్టే. పైగా కోపంతో దిగిన ఈగలు ముందు కుట్టేది నన్నే.

తెల్లదాన్ని ఫస్ట్ గేర్‌లో వేసి యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేశాను. తనంతట తానే నడిచింది. గుంటలోకి దిగింది, ఎక్కింది. ఒక్క బస్తా కదల్లేదు. నిదానమే ప్రధానం అని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు. అడవిలో మెకానిక్ ఉండడు కాబట్టి పాడవడానికి టర్బో అనే ఒక పార్టు తక్కువ ఉండటం కూడా మంచిదే.

తెల్లది. అయిపోయింది.

మే 19, ఆదివారం

అయిపోలేదు.

ఈ వారం కుటుంబ ప్రార్థన మా ఇంట్లో. నేను వంటింట్లో గారెలు వేస్తున్నాను. బండి కొనే విషయంలో దేవుడి చిత్తం తెలుసుకోవాలని మా ఆయన ప్రార్థన మనవి పెట్టారట. నాకు ఒక్క మాట చెప్పకుండా. యోగానంద్ గారు చీట్లు వేద్దామన్నారట.

మావాళ్ళకి చీట్లు ఆట కాదు. ఉద్యోగం, ఇల్లు, పుట్టిన బిడ్డ పేరు, ఏదైనా తేలకపోతే రెండు చీట్లు రాసి, స్టీలు గ్లాసులో వేసి, ప్రార్థన చేసి, అందరిలో చిన్నబిడ్డ చేత తీయిస్తారు. వచ్చిందే దేవుడి మాట. నేనూ ఆ గ్లాసుకి దండం పెట్టిన మనిషినే. నవ్వడం లేదు.

నేను గారెల పళ్ళెంతో వచ్చేసరికి నాలుగేళ్ళ జాక్లిన్ చేతిలో చీటీ ఉంది. ఎర్రది. అందరూ చప్పట్లు కొట్టారు, పాట ఎత్తుకున్నారు. పాట అయిందాకా ఆగి, నేను నిన్ననే తెల్లది అనుకున్నానని చెప్పాను. మరి ముందే చెప్పొద్దా అమ్మా, అన్నారు యోగానంద్ గారు. ఎవరైనా అడిగారా అండీ, అన్నాను. తేలనిదానికి చీట్లు వేస్తారు. ఇది తేలింది. దేవుడు నాకు తెలియజేయాలనుకుంటే నిన్న మూడు గంటలు నేను స్టీరింగ్ దగ్గరే ఉన్నాను, అక్కడే తెలియజేశాడు, అని కూడా అన్నాను. గొంతు కాస్త పెద్దదే అయింది.

రెండో వాయి మాడిపోయింది. ఎవరూ ఏమీ అనకుండా తిన్నారు.

మే 20, సోమవారం

ఆయన మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఉప్పు అందించమని కూడా మా అమ్మాయి సెరీనాతో చెప్పించారు. అది యూనివర్సిటీకి టైమైపోతోందని, మీరిద్దరూ ఐదేళ్ళ పిల్లలా అని ఇంగ్లీషులో అడిగి వెళ్ళిపోయింది.

మే 21, మంగళవారం

తెల్లదానికి సంతకం పెట్టాను. నా పేరు మీద. 

మే 26, ఆదివారం

హాల్లో యోగానంద్ గారు తిరుగుబాటు హృదయాల గురించి ప్రార్థన చేశారు. పేరు చెప్పలేదు. అందరి కళ్ళూ మూసే ఉన్నాయి, అన్నీ నా మీదే ఉన్నాయి. బయట వాళ్ళావిడ మా ఆయనతో, ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి, ఏం చేస్తాం తమ్ముడూ, అంది. నాకు వినపడాలనే అంది. వినపడింది.

యోగానంద్ గారు నన్ను పక్కకి పిలిచారు. మంచాయనే, మెత్తగానే చెప్పారు. ప్రయాణం క్షేమంగా అయ్యాక సహవాసం ముందు నిలబడి సాక్ష్యం చెప్పాలట. చీటీని తోసేసినందుకు క్షమాపణ కోరాలట. దేవుడి దగ్గర క్షమాపణ అడగాల్సినవి నాకు చాలా ఉన్నాయండీ, వాటిలో ఇంజన్ లేదు, అన్నాను.

కార్లో మా ఆయన వారం తర్వాత నోరు తెరిచారు. దేవుడి చీటీ తోసేశావు, సరే. మరి మన చీటీ సంగతేంటి, అన్నారు.

మా పెళ్ళీ చీటీయే. తెనాల్లో మా అత్తగారు రెండు పేర్లు రాశారు. ఒకటి రేపల్లె పిల్ల, బీఎడ్ చదివింది. ఒకటి నేను. నా పేరు వచ్చింది. ప్రతి పెళ్ళిరోజుకీ ఆయన హాల్లో నిలబడి ఈ కథ చెబుతారు. కళ్ళు తుడుచుకుంటారు కూడా. ఇరవై రెండేళ్ళుగా చెబుతున్నారు.

కోపంలో ఉన్నాను. అదీ ఉత్త కాగితం ముక్కే, అన్నాను.

ఇంటి మలుపు దాటిపోయాక గాని ఆయన ఇండికేటర్ వేయలేదు.

జూన్ 2, ఆదివారం

ఆయనకి వెన్నునొప్పట. వారంగా సోఫా మీద పడుకుంటున్నారు. సోఫా మీద పడుకుంటే వచ్చే నొప్పి అది.

జూన్ 14, శుక్రవారం

బండి వచ్చింది. ఇక్కడ జూన్ చలికాలం, పొద్దున్నే చలి. తాళం తిప్పి, డాష్‌బోర్డు మీద పసుపు దీపం ఆరేదాకా ఆగాలి, అప్పుడే ఇంజన్ స్టార్ట్ చేయాలి. ఆగాను. గుడగుడమని అందుకుంది. పక్కింటి కుక్కలు మొరిగాయి. ఎంత మోతో! నాకు ఏడుపొచ్చేంత సంతోషం వేసింది. ఇంత పెద్ద వస్తువు నాది అని ఎప్పుడూ అనుకోలేదు.

కొత్త బండి వస్తే సహవాసం వచ్చి ప్రార్థన చేస్తుంది. ఎవరూ రాలేదు. నేనే బానెట్ మీద చెయ్యి పెట్టి చేసుకున్నాను. కిటికీ పరదా కదిలింది. ఆయనే.

జూన్ 17, సోమవారం

టైరు పంక్చర్. సాయంత్రానికి యోగానంద్ గారి భార్య ఫోను. చూశావా రూతూ, నేను చెప్పలా, అంది. మేకుకి పైన ఏ ఇంజనుందో తెలియదు వదినా, అని పెట్టేశాను.

పెట్టాక మాత్రం కుర్చీలో కూర్చున్నాను. ఇక మీదట ఇంతే. పంక్చరైనా చీటీయే, దగ్గొచ్చినా చీటీయే. ఆ తోటలో ఒక్క పెట్టె పోతే చాలు, ఇరవై కుటుంబాలకి సాక్ష్యం దొరుకుతుంది. భయం వేసింది. వేస్తే వేసింది, బండి మాత్రం వెనక్కి ఇవ్వను.

జూన్ 22, శనివారం

చెప్పేశాను.

ఆయన సోఫా మీద దుప్పటి మడుస్తున్నారు.  నాలుగు మూలలూ కలిపి, ఇంట్లో చుట్టం మడిచినట్టు. ఇలా కూర్చోండి అన్నాను.

చీటీ మీ అమ్మగారికి వచ్చింది, నాకు రాలేదు, అన్నాను. మీరు చూడ్డానికి వచ్చి వెళ్ళాక మా నాన్న నన్ను అడిగారు, ఇష్టం లేకపోతే చెప్పమ్మా, చీటీ ఏమొచ్చినా నేను చూసుకుంటా, అన్నారు. ఆ మాట ఈయనకి ఇన్నేళ్ళుగా తెలియదు. చెబుతూ పోయాను. మీరు చూడ్డానికి వచ్చిన రోజు కరెంటు పోయింది. పెళ్ళికొడుకువి, కుర్చీలో కూర్చోవాల్సినవాడివి, లేచి విసనకర్ర తీసుకుని మూల మంచంలో ఉన్న మా నాయనమ్మకి విసిరావు. ఎవరూ చెప్పకుండానే. అది చూశాను. చూసి ఒప్పుకున్నాను. నువ్వు నాకు గ్లాసులోంచి రాలేదు. నేను నిన్ను ఎంచుకున్నాను.

జీవితంలో మొదటిసారి ఆయన్ని నువ్వు అన్నాను. అన్నానని అన్నాకే తెలిసింది.

ఆయన దుప్పటి ఒళ్ళో పెట్టుకున్నారు. తర్వాత, ఆ రోజు నాకే ఉక్కపోస్తుంటే లేచాను, విసనకర్ర చేతికి తగిలింది, ముసలామె చూస్తుంటే సిగ్గుపడి ఆవిడకి విసిరాను, అన్నారు. నవ్వాం. ఇద్దరం ఎంత నవ్వామో, సెరీనా గదిలోంచి వచ్చి, ఇప్పుడేమైంది అని తెలుగులో అడిగింది.

దుప్పటి మళ్ళీ మా గదిలోకి వచ్చింది. చీటీ గురించి ఆయన ఏమీ అనలేదు. నాతో రాబిన్‌వేల్ రావడానికి సెలవు మాత్రం పెట్టారట.

జూలై 27, శనివారం, రాబిన్‌వేల్

చేరాం. నలభై ఎనిమిదీ దిగాయి. సగం ట్రే మీద, సగం ట్రెయిలర్‌లో. ఒక్క పెట్టె కూడా పోలేదు.

కాల్డర్ హైవే మీద మెసిడన్ ఎత్తు ఎక్కేటప్పుడు వెనక కార్లు పెద్ద లైను కట్టాయి. హారన్లు. ఆయన పక్క సీట్లో భయపడతారనుకున్నాను. కిటికీ దించి, తల బయటపెట్టి, బీస్, బీస్, అని అరిచారు. హారన్లు ఠక్కున ఆగాయి. ఆ తర్వాత అవసరం లేకపోయినా రెండుసార్లు అరిచారు.

తోట దారి అంతా మెత్తటి ఇసుక. తెల్లది ఫస్ట్ గేర్‌లో తనంతట తాను నడిచింది. వాకిళ్ళు తెరిస్తే ఈగలు ఒక్కొక్కటే బయటికి వచ్చి చుట్టూ చూశాయి. ఎవరికీ కోపం లేదు. తోటాయన నా చెయ్యి గట్టిగా ఊపాడు, వచ్చే ఏడాదీ రమ్మన్నాడు.

మా ఆయన రెండు ప్యాంట్లు, మూడు చొక్కాలు వేసుకుని, ఈగల్ని నెమ్మదింపజేసే పొగ డబ్బా పట్టుకున్నారు. అంతా అయ్యాక ముఖం మీది వల తీసి, నాతో ఏదో చెప్పబోయారు. ఒకే ఒక్క ఈగ కుట్టింది. పెదవి మీద.

జూలై 28, ఆదివారం

తిన్నగా హాలుకే వచ్చాం. ఆయన పెదవి వంకాయంత అయింది. చూశారా శిక్ష అని అందరి ముఖాల్లోనూ రాసి ఉంది. యోగానంద్ గారు సాక్ష్యానికి నన్ను పిలిచారు. నేను లేవబోతే మా ఆయన నా భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి తానే వెళ్ళారు. పది నిమిషాలు మాట్లాడారు. ఆ పెదవితో ఒక్క ముక్క ఎవరికీ అర్థం కాలేదు. నాకు మాత్రం అంతా అర్థమైంది, విసనకర్ర దగ్గర్నుంచి తెల్లబండి దాకా.

చివర అందరూ ఆమెన్ అన్నారు.