నీళ్ల పక్కన అడిగిన చోటు

జిల్లా అధికారి గారి సముఖమునకు,

జమ్మలమడుగు కాపురస్తుడు, బోరు మోటార్ల మెకానిక్ షేక్ దావూద్ వ్రాసుకొను విన్నపము.

అయ్యా,

విషయం: మాల్దీవుల్లోని ఒక దీవిలో ఉన్న నా తమ్ముడు అలీ అహ్మద్ సమాధిని సముద్రపు కోత నుండి తప్పించి లోపలికి మార్చుటకు, కుటుంబ సమ్మతి పత్రముపై తమరి సంతకము, ముద్ర కోరుట గురించి.

1. నా తమ్ముడు మేస్త్రీ పనికి ఆ దీవికి పోయి, ఎనిమిదేళ్ల క్రితం జ్వరముతో మరణించినాడు. శవము ఇల్లు చేరుటకు పది దినములు పట్టునన్నారు. మట్టి చేయుట ఆలస్యము కారాదని మా అమ్మ ఖమ్రున్నీసా అక్కడే కానిమ్మన్నది.

2. తోటి పనివాడు షఫీ ఫోనులో, "దావూదన్నా, రెండు చోట్లుండాయి. ఊరి నడుమ ఒకటి, సముద్రం గట్టున ఒకటి. యాడ పెట్టమంటావు?" అని అడిగినాడు. బోరు వెయ్యి అడుగులు దించినా దుమ్ము తప్ప రాని నేలలో బతికినవాడిని. నీళ్ల పక్క భూమి దొరకడం కంటే అదృష్టమేమున్నదనుకొని, "నీళ్ల పక్కనే పెట్టప్పా, సల్లగా ఉంటాడు" అన్నాను. అప్పటికి నేను సముద్రం చూసి ఎరుగను. ఇప్పటికీ ఎరుగను.

3. లోకము వేడెక్కి సముద్రము పెరుగుచున్నదట. గట్టు ఏటేటా తెగి, ఇప్పుడు తమ్ముడి సమాధి వరుసకు నాలుగడుగుల దూరములో ఉన్నది. అక్కడివారు సమాధులను లోపలికి మార్చుచున్నారు. పరదేశీయులకైతే స్వంత జిల్లా అధికారి ముద్ర గల పత్రము ఈ నెలాఖరులోగా చేరవలెనట.

4. ఆ పత్రముతో నాలుగు మార్లు వచ్చితిని. ముద్ర పడుటకు ముందు కారణము నింపవలసిన విపత్తుల ఫారములో కరువు, వడగళ్లు, పిడుగు ఉన్నవి. సముద్రము లేదు. గుమాస్తా గారు, "మన జిల్లాకు సముద్రం యాడుందప్పా? ఉంటే నేనే రాసిస్తా" అన్నారు. ఆయన మాటలో తప్పు లేదు. నాకే ఏమి చేయవలెనో తోచుట లేదు.

5. ఆ చోటు ఎంచినది నేనని అమ్మకు తెలియదు. "నా బిడ్డను నీళ్ల పక్కన పెట్టమన్నోడు ఎవుడురా? వాని చేతులు పడిపోను!" అని రోజూ శాపనార్థాలు పెడుతుంది. నేను పక్కనే కూర్చొని వింటున్నాను. అయ్యా, ఒక్క ముద్ర.

కావున తమరు ఇదంతా చిత్తగించి, నీళ్ల కంటే ముందుగా ఉత్తరువు దయచేయవలెను.

తమ విధేయుడు,
షేక్ దావూద్

తా.క.: ఇది జెరాక్స్ తీయించి వచ్చేలోపు షఫీ ఫోను చేశాడు. మొన్న రాత్రి ఆ వరుసంతా పోయిందట. "ఇంగ కాగితం వద్దులేన్నా" అన్నాడు. అయినా ముద్ర వేయండి సారూ. ఈ కాగితం కోసం అమ్మ గడపలో కూర్చొని ఉంటుంది. ఆమెకు చదువు రాదు, ముద్ర మాత్రం గుర్తుపడుతుంది.